చిన్నపిల్లలు అస్తమానం కొట్టుకుంటున్నారా? ముందు కారణం చూడండి

కొట్టుకునే పిల్లల్ని చెడ్డపిల్లలు అనెయ్యకండి ప్లీజ్, కలిసి ఉండటం కూడా నడక లాగే నేర్చుకోవాల్సిన పని.

సమస్య: రెండు మూడేళ్ళ వాళ్ళు బొమ్మ లాక్కోవడం, ఇవ్వకపోతే కొరకడం

కారణం: కోపం వచ్చినంత స్పీడుగా వాళ్ళకి మాట రాదు, అందుకే చెయ్యో పన్నో ముందొస్తుంది. పైగా రెండేళ్ళ పిల్లలు ఎక్కువగా పక్కపక్కన కూర్చుని ఎవరి ఆట వాళ్ళే ఆడుకుంటారు, "షేర్ చెయ్" అంటే బొమ్మ ఇక పోయినట్టే అనుకుంటారు.

పరిష్కారం: చెయ్యి అడ్డం పెట్టి, అరవకుండా "కొరకనివ్వను, నొప్పేస్తుంది" అనండి, దెబ్బ తగిలిన పిల్లని ముందు దగ్గరికి తీసుకోండి. షేరింగ్ కంటే వంతులు నేర్పడం ఈజీ. "నీ ఆట అయ్యాక నాకిస్తావా" అనే ముక్క వాళ్ళ నోటికొచ్చేదాకా మీరే వాళ్ళ తరఫున అడుగుతూ ఉండాలి, అది కూడా గొడవ లేనప్పుడు ఆటలా ప్రాక్టీస్ చేయించండి ఎందుకంటే ఏడుస్తున్నప్పుడు ఏం చెప్పినా ఎక్కదు.

సమస్య: సారీ చెప్పేసి మళ్ళీ అదే పని

కారణం: సారీ అంటే తిట్లు ఆగిపోతాయని తెలిసిపోయింది, అంతే. అవతలివాళ్ళ మనసులో ఏముందో ఊహించడం నాలుగేళ్ళ ప్రాంతంలో గానీ సరిగ్గా కుదరదు.

పరిష్కారం: బలవంతపు సారీ మానేయండి. "పాప మొహం చూడు, ఏడుస్తోంది కదా, ఇప్పుడు మనం ఏం చేద్దాం?" అని అడగండి. పడగొట్టిన బ్లాకులు మళ్ళీ కలిసి పేర్చడం, నీళ్ళు తెచ్చివ్వడం లాంటివి చేయిస్తే సారీకి అర్థం మెల్లగా వాళ్ళకే తెలుస్తుంది.

సమస్య: సాయంత్రమైతే ప్రతిదానికీ గొడవ

ఆకలో నిద్రో అయ్యుంటుంది. 3–4 ఏళ్ళ వాళ్ళకి పగటి కునుకుతో కలిపి రోజుకి 10–13 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ముందు తిండి పెట్టండి, మాటలు తర్వాత.

సమస్య: ఎంత చెప్పినా కొట్టడం తగ్గట్లేదు

కారణం: ఇది వినడానికి కష్టంగానే ఉంటుంది, కానీ ఇంట్లో ఎవరు ఎవరిమీద చెయ్యెత్తుతున్నారో చూడండి. 1961లో సైకాలజిస్ట్ ఆల్బర్ట్ బండూరా చేసిన ప్రయోగంలో పెద్దవాళ్ళు గాలిబొమ్మని కొట్టడం చూసిన పిల్లల్లో చాలామంది తర్వాత అచ్చం అలాగే కొట్టారు, కొడుతూ ఆ పెద్దవాళ్ళు అన్న మాటలతో సహా.

పరిష్కారం: "కొట్టకు" అంటూ మీరు కొట్టడం ఇవాళే ఆపండి. పెద్దవాళ్ళు పిల్లల ముందు వాదించుకుంటే రాజీ కూడా వాళ్ళ ముందే పడండి. ఇవన్నీ చేసినా నెలల తరబడి తగ్గకపోతే, లేదా మాటలు ఆలస్యమవుతుంటే, పిల్లల డాక్టర్‌కి చూపించండి.