ఎస్టీపీ బురదతో కరెంటు: బకెట్ సెల్ కట్టే పద్ధతి

బెంగళూరు అపార్ట్‌మెంట్ల ఎస్టీపీల్లో (మురుగునీటి శుద్ధి ప్లాంట్లలో) కరెంటు ఎక్కువగా తినేది గాలి కొట్టే బ్లోయర్లే. మురుగును తినే బ్యాక్టీరియాకు ఆక్సిజన్ అందాలి కదా. జియోబాక్టర్, షెవనెల్లా లాంటివి మాత్రం ఆక్సిజన్ లేకపోయినా బతుకుతాయి. తిన్నదాంట్లోంచి వచ్చిన ఎలక్ట్రాన్లను ఒంటి బయట ఉన్న ఇనుప ఖనిజాలకు ఇచ్చేస్తాయి. ఖనిజం బదులు కార్బన్ దొరికితే దానికీ ఇస్తాయి, ఆ కార్బన్‌కు తీగ కడితే అదే యానోడ్. ఇలా బ్యాక్టీరియా ఇచ్చే ఎలక్ట్రాన్లతో కరెంటు తీసే సెల్‌నే ఇక్కడ బకెట్‌లో కడతాం. జియోబాక్టర్‌ను 1987లో అమెరికాలోని పోటోమాక్ నది అడుగు బురదలోంచే వేరుచేశారు. కాబట్టి బ్యాక్టీరియాను కొనక్కర్లేదు, మంచి బురద చాలు.

కావలసినవి: ఐదు లీటర్ల ప్లాస్టిక్ బకెట్, 5 మి.మీ. మందం కార్బన్ ఫెల్ట్ (కార్బన్ నారతో చేసిన దళసరి గుడ్డ) ముక్కలు రెండు (10×10 సెం.మీ.), 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ తీగ, 1,000 ఓమ్‌ల రెసిస్టర్, డిజిటల్ మల్టీమీటర్. చివరి రెండూ ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి. రాగి తీగ మాత్రం బురదలో పెట్టొద్దు. అది తుప్పుపడుతూ తనే వోల్టేజీ చూపిస్తుంది, కరిగిన రాగి బ్యాక్టీరియానూ చంపుతుంది.

కొత్త ఫెల్ట్ నీళ్లు పీల్చదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, నాలుగైదు నీళ్లలో కడిగి, ఆరనివ్వకుండా వాడండి. తీగను కుట్టు వేసినట్టు ఫెల్ట్‌లో పైకీ కిందికీ గుచ్చి బిగించండి. ఫెల్ట్ అవతలి మూల నుంచి తీగ కొసకు పది ఓమ్‌లు దాటితే పట్టు సరిగా లేనట్టే.

బురద రెండు లీటర్లు కావాలి. గాలి కొట్టే ఏరేషన్ ట్యాంకులోని గోధుమరంగుది కాదు, గాలి తగలని ట్యాంకు అడుగున ఉండే నల్లటిది. ఎస్టీపీ ఆపరేటర్‌ను అడిగి తాడు కట్టిన బకెట్‌తో తోడించండి. ట్యాంకులోకి దిగడం, వంగి తొంగిచూడడం వద్దు, అక్కడి హైడ్రోజన్ సల్ఫైడ్ ప్రాణం తీస్తుంది. గ్లవ్స్ తప్పనిసరి.

ఒక లీటరు బురద పోసి, దానిమీద ఒక ఫెల్ట్ పరిచి, రెండో లీటరు పైన పోయండి. తర్వాత కలెక్షన్ ట్యాంకు (మురుగు మొదట చేరే ట్యాంకు) మురుగునీరు రెండు లీటర్లు మెల్లగా, బురద కదలకుండా పోయండి. రెండో ఫెల్ట్ అంచులకు థర్మోకోల్ ముక్కలు కట్టి తేలనివ్వండి. కింది వైపు నీళ్లలో, పై వైపు గాలిలో ఉండాలి. అదే కేథోడ్, తీగ గుండా వచ్చిన ఎలక్ట్రాన్లు గాలిలోని ఆక్సిజన్‌ను చేరేది ఇక్కడే. మూత గట్టిగా పెట్టొద్దు.

రెసిస్టర్‌ను మొదటి రోజే రెండు తీగల మధ్య కలపండి, తీయకండి. చాలామంది తప్పేది ఇక్కడే. రెసిస్టర్ లేకుండా 0.6 వోల్టులు కనిపిస్తే సంతోషపడతారు. కానీ ఎలక్ట్రాన్లకు దారి లేకపోతే యానోడ్ మీది బ్యాక్టీరియా పెరగదు, ఆ తిండిని మీథేన్ చేసే సూక్ష్మజీవులు తినేస్తాయి. కొలవాల్సింది రెసిస్టర్ మీది వోల్టేజీ. మొదట్లో పదుల మిల్లీవోల్టులే వస్తాయి. అంతా కుదిరితే రెండు మూడు వారాల్లో 200 నుంచి 400కు చేరుతుంది. తగ్గినప్పుడు బ్యాక్టీరియాకు తిండిగా రెండు గ్రాముల సోడియం ఎసిటేట్‌ను అరగ్లాసు నీళ్లలో కలిపి, సన్న పైపుతో యానోడ్ దగ్గరికి పంపండి.

300 మిల్లీవోల్టులంటే 0.3 మిల్లీయాంపులు, రోజుకు సుమారు 26 కూలంబులు (విద్యుదావేశం కొలత). మురుగులోని మలినాన్ని, అది కుళ్లిపోవడానికి కాక పూర్తిగా ఆక్సీకరణ చెందడానికి కావలసిన ఆక్సిజన్‌తో కొలిచే లెక్కను సీఓడీ అంటారు. ఒక గ్రాము సీఓడీలో దాదాపు 12,000 కూలంబులుంటాయి. అంటే ఈ ఫెల్ట్ ద్వారా రోజుకు పోయేది రెండు మిల్లీగ్రాముల సీఓడీయే. శుద్ధి చేయాలంటే యానోడ్ వైశాల్యం ఎన్నో రెట్లు పెరగాలి, ఎలక్ట్రోడ్ల ఎడం తగ్గాలి.

ఎసిటేట్ వేసినా వోల్టేజీ లేవకపోతే తప్పు కేథోడ్‌దే కావచ్చు. బోరునీళ్లు వాడే చోట్ల దానిమీద తెల్లటి సున్నపు పొర కడుతుంది. బయటికి తీసి వెనిగర్‌లో నానబెట్టి, కడిగి పెట్టండి. ఫెల్ట్ ఎండిపోయినా ఇదే తంటా. పుల్లటి వాసన వస్తే గంజి, చక్కెర లాంటివి ఎక్కువై పులిశాయన్నమాట. తిండి ఆపి, లీటరు నీటికి గ్రాము చొప్పున వంటసోడా కలపండి.

ఎల్ఈడీ కోసం నాలుగైదు బకెట్లను సిరీస్‌లో కలిపితే బలహీనమైన సెల్ తిరగబడి, దాని వోల్టేజీ మైనస్‌లోకి పోతుంది. ప్యారలల్‌లో కలిపి, 0.3 వోల్టులకే పనిచేసే బూస్ట్ కన్వర్టర్‌తో (వోల్టేజీ పెంచే సర్క్యూట్‌తో) కెపాసిటర్ నింపండి. ఎల్ఈడీ ఎడతెగకుండా వెలగదు, కెపాసిటర్ నిండినప్పుడల్లా మెరుస్తుంది.