వేడికి గట్టిపడిన పైపులు: నా అనుభవం
ఆగిన ప్రతిచోటా నా స్కూటర్ ఇంజన్ ఆఫ్ అయిపోయేది. పెట్రోల్‌ను గాలితో కలిపే కార్బ్యురేటర్ మీద అనుమానంతో రెండుసార్లు శుభ్రం చేయించినా ఫలితం లేదు. చివరికి సీటు కింద డబ్బా తీసి చూస్తే, సిలిండర్ పక్కనుంచి వెళ్లే వాక్యూమ్ పైపు (ఇంజన్ లోపలికి పీల్చే శక్తిని వేరే భాగాలకు అందించే సన్నని గొట్టం) వేడికి గట్టిపడి, చివర్లో సన్నగా చీలి ఉంది. ఆ చీలికలోంచి అదనపు గాలి లోపలికి పోతే ఐడిలింగ్ (యాక్సిలరేటర్ ఇవ్వనప్పుడు ఇంజన్ నెమ్మదిగా తిరగడం) నిలవదు. పెట్రోల్ పైపును వంచితే దానికీ పగుళ్లే! పక్కనే వేడెక్కే సైలెన్సర్ ఉంది, నిజంగా భయమేసింది.

ఇంజన్ పూర్తిగా చల్లారాక రెండూ మార్చాను. పెట్రోల్‌కు తట్టుకునే రకం పైపే, అదే లోపలి కొలతతో తీసుకోవాలి; మామూలు నీళ్ల పైపు పెట్రోల్ తగిలితే పాడైపోతుంది. టేపు చుట్టి సరిపెట్టొద్దు. కొత్త క్లిప్పులు బిగించి, సైలెన్సర్‌కు తగలకుండా పైపును దూరంగా కట్టాను. స్టార్ట్ చేసేముందు ఎక్కడైనా తడి ఉందేమో తడిమి చూశాను. ఇప్పుడు ఐడిలింగ్ నిలకడగా ఉంది.