18 అంకెల టైమ్‌స్టాంప్‌ను తేదీగా మార్చడం: నా అనుభవం

డేటాబేస్ కాలమ్‌లో 133444736000000000 లాంటి విలువలున్నాయి. యునిక్స్ టైమ్ అనుకుని మారిస్తే ఎర్రర్ వచ్చింది. కోడ్ ముట్టుకునే ముందు అంకెలు లెక్కపెట్టాలి. ఈ కాలపు తేదీలకు 10 అంకెలుంటే సెకన్లు, 13 ఉంటే మిల్లీసెకన్లు. రెండూ యునిక్స్ టైమే, అంటే 1970 జనవరి 1 నుంచి లెక్క. 18 అంకెలుంటే చాలావరకు విండోస్ ఫైల్‌టైమ్: 1601 జనవరి 1 నుంచి గడిచిన 100 నానోసెకన్ల ముక్కల సంఖ్య.

ఇది తెలిశాక పని సులువే. విలువను 1,00,00,000తో భాగించి, వచ్చిన సెకన్లలోంచి 11644473600 (1601 నుంచి 1970 వరకు ఉన్న సెకన్లు) తీసేయాలి. పై ఉదాహరణకు 1700000000 వస్తుంది, అంటే 2023 నవంబర్ 14, రాత్రి 10:13:20 యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం).

జావాస్క్రిప్ట్‌లో రెండు చిక్కులున్నాయి. మామూలు నంబర్ 16 అంకెలు దాటితే కచ్చితత్వం పోతుంది, కాబట్టి భాగహారం బిగ్‌ఇంట్‌తోనే (పెద్ద పూర్ణ సంఖ్యల రకం) చేయాలి. తేదీని తయారుచేసే డేట్ ఆబ్జెక్ట్‌కు మిల్లీసెకన్లు కావాలి. సెకన్లే ఇస్తే 1970 జనవరి 20 కనిపిస్తుంది. తెరమీద 1970 కనబడితే ముందు అనుమానించాల్సింది ఇదే.

పైథాన్‌లో సెకన్లను తేదీగా మార్చే ఫ్రమ్‌టైమ్‌స్టాంప్ ఫంక్షన్‌కు టైమ్‌జోన్ ఇవ్వకపోతే ఆ మెషీన్ లోకల్ టైమ్ తీసుకుంటుంది. అందుకే ఒకే కోడ్ ల్యాప్‌టాప్‌లో ఒక తేదీ, సర్వర్‌లో ఇంకో తేదీ చూపిస్తుంది. యూటీసీ స్పష్టంగా ఇవ్వండి, లోకల్ టైమ్‌కు మార్పు చూపించేటప్పుడే చేయండి.

యాక్టివ్ డైరెక్టరీలో (సంస్థల్లో యూజర్ ఖాతాలను నిర్వహించే మైక్రోసాఫ్ట్ వ్యవస్థ) ఖాతా గడువు ఫీల్డ్‌లో 0 గానీ 9223372036854775807 గానీ ఉంటే అది తేదీ కాదు, గడువే లేదని అర్థం. మార్చకముందే వాటిని పక్కన పెట్టాలి.