120 కిలోల మీదుంటే ముందు చాయ్ లెక్క చూసుకోండి

పాతికేళ్లకే బరువు 120 కిలోలు దాటిందా? రేపటి నుంచే అన్నం బంద్, పొద్దున్నే పరుగు అని మాత్రం పెట్టుకోకండి. ఆ ఉత్సాహం వారం ఉంటుంది, మోకాళ్ల నొప్పి నెల ఉంటుంది.

ముందు చాయ్ సంగతి చూడండి. రోజుకు నాలుగు చాయ్‌లు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర అంటే సుమారు 40 గ్రాములు, 160 కేలరీలు. మొదటి రెండు వారాలు ఇదొక్కటే తగ్గించండి, చాలు. తర్వాత రాత్రి పూట అన్నం సగం చేసి, ఆ జాగాలో పప్పో, గుడ్డో, తోటకూరో వేసుకోండి. పచ్చిపులుసుతో నాకే పేచీ లేదు, దాని కోసం పెట్టించుకునే మూడో వడ్డనతోనే గొడవంతా.

నడకకు వరంగల్‌లో భద్రకాళి బండ్ బాగుంటుంది. పది నిమిషాలు నడిచి, కాసేపు కూర్చుని, మళ్లీ పది నిమిషాలు. ఆయాసంతో మాట రావట్లేదంటే వేగం ఎక్కువైనట్టే. తిరిగొచ్చేటప్పుడు మిర్చీ బండి దగ్గర ఆగకపోవడమే అసలు కష్టం, ఒప్పుకుంటా.

వారానికి అర కిలో తగ్గినా బాగా తగ్గినట్టే. 120లో 5 శాతం, అంటే 6 కిలోలు తగ్గినా బీపీ, షుగర్‌లలో తేడా కనిపించొచ్చు. మొదలుపెట్టే ముందు డాక్టర్‌ని కలిసి ఆ రెండూ, థైరాయిడ్ కూడా చూపించుకోండి. తూకం వారానికి ఒక్కసారే, పొద్దున పరగడుపున.