కాటా ముల్లు కదలడం లేదా? ముందు నూనె ప్యాకెట్లు లెక్కపెట్టండి

మొదటి రెండు మూడు నెలలు బరువు బాగానే దిగుతుంది. ఐదారు కిలోలు తగ్గేసరికి ప్యాంట్లు వదులవుతాయి, ఎదురైనవాళ్లు "ఏంటండీ, ఇలా చిక్కిపోయారు?" అంటారు. ఆ తర్వాత ఒక అంకె దగ్గర ఆగిపోతుంది. అదే తిండి, అదే నడక, మెషిన్ మీద అదే అంకె. ఇక్కడే కొందరు టెన్షన్ పడి రాత్రి భోజనం మానేస్తారు. ఇంకొందరు "నా ఒంటి తత్వమే ఇంత" అని మొత్తానికే వదిలేస్తారు. రెండూ తొందరపాటే.

కారణం పట్టుకోవడానికి ఒక వరస ఉంది. ముందు నిజంగా ఆగిందో లేదో చూడాలి. తర్వాత వంటిల్లు, దాని తర్వాత వ్యాయామం, చివర్లో డాక్టరు. మనవాళ్లు దీన్ని తిరగేసి చేస్తారు. మొదటి రోజే థైరాయిడ్ పరీక్షకు రక్తం ఇచ్చి వస్తారు, నెలకు ఇంట్లోకి ఎన్ని నూనె ప్యాకెట్లు వస్తున్నాయో మాత్రం ఎవరూ అడగరు.

"పది రోజులుగా అంకె మారడం లేదు"

పది రోజులకు ఏమీ తేలదు. వారానికి అరకిలో కొవ్వు తగ్గితే అది మంచి వేగం. ఒంట్లో నీరు మాత్రం ఒక్క రోజులోనే కిలో, కిలోన్నర అటూ ఇటూ అవుతుంది. ఆ అరకిలో కనపడకుండా పోవడానికి ఒక్క ఆదివారం చాలు: మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం మిర్చి బజ్జీ, రాత్రి పెరుగన్నంలోకి ఆవకాయ. ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం ఎక్కువ తిన్న రోజు పిండి పదార్థం గ్లైకోజెన్‌గా మారి కండరాల్లో, కాలేయంలో చేరుతుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతో పాటు దాదాపు మూడు గ్రాముల నీటిని తెచ్చుకుంటుంది. కొత్తగా జిమ్‌లో చేరి ఒళ్లు నొప్పులతో ఉన్నప్పుడు కూడా కండరాల్లో కొంత నీరు నిలుస్తుంది. ఆడవాళ్లకు నెలసరి దగ్గర పడ్డప్పుడు బరువు పెరిగినట్టు కనిపించడానికీ చాలావరకు నీరే కారణం.

పొద్దున్నే బాత్రూంకి వెళ్లొచ్చాక, కాఫీ తాగకముందు బరువు చూసి రాసుకోండి. ఏ రోజు అంకెనూ పట్టించుకోకండి. వారానికోసారి ఏడు అంకెల సగటు తీయండి. నాలుగు వారాల సగట్లు పక్కపక్కన పెడితే అసలు సంగతి తెలుస్తుంది. నెలసరి వచ్చేవాళ్లు ఈ వారాన్ని పోయిన వారంతో పోల్చకూడదు, పోయిన నెలలో ఇదే సమయంతో పోల్చాలి. దర్జీ టేపుతో బొడ్డు దగ్గర నడుము కొలత వారానికి ఒకసారి చాలు. కడుపు లోపలికి లాక్కోకుండా తీసుకోండి, మనల్ని మనం మోసం చేసుకోవడం ఎందుకు?

బరువు అక్కడే ఉండి నడుము తగ్గుతుంటే కొవ్వు పోతోంది, కండ కొంచెం వస్తోంది. అలాంటప్పుడు ఏమీ మార్చకండి.

"కొబ్బరి నూనె డైట్‌లో సర్రున తగ్గి ఆగిపోయింది"

అన్నం మానేసి కొబ్బరి నూనె తాగే ఈ పద్ధతి ఆ మధ్య బెజవాడలో ఇంటింటా నడిచింది. అన్నం మానగానే గ్లైకోజెన్, దాన్ని పట్టుకున్న నీరు కలిసి మొదటి వారంలోనే రెండు మూడు కిలోలు దిగిపోతాయి. ఆ వేగం తర్వాత ఉండదు, ఉండే వీలూ లేదు. పైగా కొబ్బరి నూనె కూడా నూనే, గ్రాముకు 9 కేలరీలు. రోజుకు 70 గ్రాములు తాగితే 630 కేలరీలు లోపలికి వెళ్లినట్టే. మళ్లీ అన్నం మొదలుపెట్టిన వారంలో రెండు కిలోలు పెరిగితే అది తిరిగొచ్చిన నీరు. దానికి బెంబేలు పడి మళ్లీ అన్నం మానేయకండి.

"నెల దాటింది. బరువూ తగ్గలేదు, నడుమూ తగ్గలేదు. తిండి మాత్రం మునుపటిలాగే తింటున్నా"

ఆగిపోవడమంటే ఇదీ. ఎక్కువమంది విషయంలో కారణం "మునుపటిలాగే" అన్న మాటలోనే దాక్కుని ఉంటుంది.

బరువు తగ్గాక ఒంటికి ఖర్చు తగ్గుతుంది. చిన్న ఒళ్లు మోయడానికి తక్కువ కేలరీలు చాలు. అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 2016లో వేసిన అంచనా ప్రకారం, తగ్గిన ప్రతి కిలోకు రోజువారీ ఖర్చు 20 నుంచి 30 కేలరీలు పడిపోతే, ఆకలి మాత్రం దాదాపు 100 కేలరీల మేర పెరుగుతుంది. ఎనిమిది కిలోలు తగ్గినవాళ్లకు ఖర్చు 200 కేలరీలు తగ్గితే, ఒళ్లు 800 కేలరీలు ఎక్కువ అడుగుతోందన్నమాట. ఆ అడిగేది కూడా గట్టిగా అడగదు. గరిటె కాస్త నిండుగా పడుతుంది, పప్పులో నెయ్యి ఇంకో చుక్క జారుతుంది. తినేవాళ్లకు తెలియను కూడా తెలియదు.

1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరిశోధన వచ్చింది. రోజుకు 1200 కేలరీల లోపే తింటున్నా తగ్గడం లేదన్నవాళ్లను పరీక్షించారు. వాళ్ల జీవక్రియ మామూలుగానే ఉంది. తిన్నదాన్ని మాత్రం సగటున 47 శాతం తక్కువగా, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువగా చెప్పారు. కావాలని అబద్ధమాడినవాళ్లు కారు, కొలవనివాళ్లు.

గుంటూరు బ్రాడీపేటలో నాకు తెలిసిన ఒకాయన ఉన్నారు, బ్యాంకు ఉద్యోగం. "పొద్దున మూడే ఇడ్లీలండీ, రాత్రి రెండే పుల్కాలు" అని ఒట్టేసి చెబుతారు. నిజమే, మూడే. ఆయన తింటుంటే పక్కన కూర్చుని చూడాలి. ప్రతి ఇడ్లీ మీదా కారప్పొడి, కారప్పొడి మీద నెయ్యి, పక్కన గిన్నెలో పల్లీ చట్నీ అయిపోగానే మళ్లీ చట్నీ. ఇడ్లీలు మూడూ కలిపి 200 కేలరీల లోపే. మూడు చిన్న చెంచాల నెయ్యికి 135. రెండు గిన్నెల పల్లీ చట్నీ లెక్క ఆయన ఎప్పుడూ వేసుకోలేదు. ఇడ్లీని తప్పుపట్టి ఓట్స్‌కి మారదామని ఆయన ఆలోచన. నా మాట అడిగితే ఇడ్లీ ఉండనివ్వండి, నెయ్యి చెంచా ఒకటికి తేండి, చట్నీ ఒక్కసారే వేయించుకోండి.

ఇక నూనె. ఇక్కడ ఒక లెక్క వేస్తే చాలా ఇళ్లలో జబ్బు బయటపడుతుంది. నెలకు ఎన్ని లీటర్ల నూనె వస్తోంది, తినేవాళ్లు ఎందరు? లీటరు దాదాపు 910 గ్రాములు. నలుగురున్న ఇంట్లో నెలకు ఐదు లీటర్లు అయిపోతుంటే, మనిషికి రోజుకు 38 గ్రాములు, అంటే 340 కేలరీలు. బయట తిన్న పునుగులు, బజ్జీలు, ఇంట్లో నెయ్యి, ఆవకాయ మీద తేలే నూనె ఇందులో లేవు. కూర్చుని పనిచేసేవాళ్లకు వంట నూనె, నెయ్యి కలిపి రోజుకు 20 నుంచి 25 గ్రాములు చాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతూ వచ్చింది. ఆ ఐదు లీటర్లను మూడుకు తెస్తే మనిషికి రోజుకు 135 కేలరీల పైనే తగ్గుతాయి, కంచంలో ఒక్క మెతుకు తగ్గకుండా.

చెప్పడం తేలికే. "నూనె తేలకపోతే అది కూరేనా?" అనే అత్తగారున్న ఇంట్లో కోడలు ఏం చేస్తుంది? గొడవ పెట్టుకోకుండా జరిగే దారి ఒకటుంది. నెల మొదట్లోనే మూడు లీటర్లు తెచ్చి, అవే నెలంతా రావాలని ఇంట్లో అందరికీ చెప్పేయడం. సీసాలోంచి మూకుట్లోకి వంచకుండా చెంచాతో కొలిచి వేయడం. చారు పోపుకు ఒక చిన్న చెంచా చాలు. దొండకాయ, బంగాళదుంప ముక్కలు ముందు ఆవిరి మీద మగ్గించి చివర్లో వేయిస్తే వేపుడు సగం నూనెతో అయిపోతుంది. గుత్తి వంకాయ మాత్రం తక్కువ నూనెతో బాగుండదు, ఒప్పుకుంటాను. దాన్ని నెలకు ఒకసారి దర్జాగా చేసుకోండి.

అన్నం సంగతి. కంచంలో ఎంత ఉందో కంటికి తెలియదు. ఒక్క వారం మీ వాటా బియ్యం వండకముందే కిచెన్ మెషిన్ మీద తూచండి. 100 గ్రాముల బియ్యం సుమారు 350 కేలరీలు. "కొంచెమే తింటాను" అన్నవాళ్ల వాటా పూటకు 150 గ్రాములని తేలడం మామూలే. అక్కడి నుంచి 30 గ్రాములు తగ్గించి ఆ జాగాలో కూర, పప్పు పెంచితే కడుపు ఖాళీగా అనిపించదు.

శనాదివారాలను విడిగా చూడాలి. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు 400 కేలరీలు మిగిల్చారనుకోండి, 2000. శని, ఆదివారాల్లో రోజుకు 1000 ఎక్కువ తింటే లెక్క సున్నా. శ్రావణం పెళ్లిళ్లు, కార్తీక వనభోజనాలు వచ్చినప్పుడు వారంలో మూడు రోజులు శనివారాలే. ఆ నెలల్లో బరువు పెరక్కుండా నిలిస్తే చాలనుకోండి. ఎండాకాలం వస్తే చెరకు రసం, బాదం పాలు, నూజివీడు రసాలు. పండే కదా అని వరసగా నాలుగు రసాలు పీల్చేసేవాళ్లకు చెప్పేదేమీ లేదు, పూటకు ఒకటి తినండి. రోజుకు నాలుగు టీలు, టీకి రెండు చెంచాల పంచదార అంటే పంచదారే 160 కేలరీలు.

"రోజూ గంట నడుస్తున్నా తగ్గడం లేదు"

పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ మీద, గుంటూరులో స్టేడియం చుట్టూ నడిచేవాళ్లలో ఈ మాట తరచూ వినిపిస్తుంది. 75 కిలోల మనిషి మామూలు వేగంతో గంట నడిస్తే, ఊరికే కూర్చున్నదానికంటే అదనంగా ఖర్చయ్యేది 200 కేలరీల దరిదాపుల్లోనే. ఒక ప్లేటు పునుగులకు అది చెల్లు. రెండో సంగతి, నడిచొచ్చామన్న ధైర్యంతో మిగతా రోజంతా కదలం. వీధి చివరి కిరాణా కొట్టుకు కూడా బండి తీస్తాం. తిండి తగ్గించినప్పుడు ఒళ్లు తనంతట తానే కదలిక తగ్గించుకుంటుంది కూడా. ఫోన్‌లో అడుగుల లెక్క చూడండి. గంట నడక తీసేస్తే మిగిలినవి రెండు వేలే అయితే జబ్బు అక్కడే ఉంది. ఫోన్ వస్తే లేచి తిరుగుతూ మాట్లాడటం, లిఫ్ట్ వదిలేయడం, భోజనం కాగానే పది నిమిషాలు నడవడం కలిపితే మూడు నాలుగు వేలు పెరుగుతాయి.

నడక మానొద్దు. దానికి బరువులెత్తే వ్యాయామం చేర్చాలి, వారానికి కనీసం రెండు రోజులు. తిండి తగ్గినప్పుడు కొవ్వుతో పాటు కండా కరుగుతుంది. కండను నిలబెట్టేది ఈ వ్యాయామం, తగినంత ప్రొటీన్. జిమ్ కుదరకపోతే ఇంట్లో గుంజీలు, గోడకు చేతులానించి పుషప్స్, కుర్చీలోంచి చేతులు వాడకుండా లేవడంతో మొదలుపెట్టవచ్చు. మూడు నెలలైనా అవే పదిహేను గుంజీలు తీస్తుంటే లాభం లేదు, చేతిలో బరువు చేరాలి. నడకలో మార్పు కావాలంటే బెజవాడ వాళ్లకు గాంధీ హిల్ ఉంది, ఇంద్రకీలాద్రి మెట్ల దారి ఉంది. గుంటూరు వాళ్లకు ఊళ్లో కొండ లేదు గానీ మంగళగిరి మెట్లు దూరమేమీ కాదు. పానకం ఒక్క గ్లాసు చాలు. మే నెలలో ఎండ 45 దాకా పోయే ఊళ్లు మనవి, పొద్దున ఏడు గంటలు దాటాక మెట్లెక్కకండి. మోకాళ్ల నొప్పి, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా అసలే ఎక్కొద్దు.

"ఇంతకంటే తక్కువ తినలేను. నీరసం, జుట్టు ఊడుతోంది"

దీనికి మందు ఇంకా తగ్గించడం కాదు. తక్కువ తింటే ఒళ్లు కొవ్వును కదలనివ్వకుండా పట్టేసుకుంటుందన్న ప్రచారం నిజం కాదు. 1944-45లో మిన్నెసోటాలో 36 మంది మగవాళ్ల మీద జరిగిన అర్ధాకలి ప్రయోగంలో అందరూ చిక్కిపోయారు. కానీ కాళ్లకు నీరు పట్టింది, నీరసించారు, రాత్రింబవళ్లు తిండి గురించే ఆలోచించారు. అర్ధాకలి మనిషిని చివరికి వంటింటి డబ్బాల దగ్గరికే తీసుకెళ్తుంది, రాత్రి పదకొండుకి జంతికల డబ్బా ఖాళీ.

రెండు వారాలు బరువు పెరక్కుండా, తగ్గకుండా ఉండేంత తినండి. నిద్ర ఏడు గంటలకు తేండి. టిఫిన్‌లో ప్రొటీన్ పెంచండి: ఉప్మాకు బదులు పెసరట్టు, లేదా ఇడ్లీ రెండుకు తగ్గించి రెండు గుడ్లు. 100 గ్రాముల పెసల్లో దాదాపు 24 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, ఒక గుడ్డులో 6. శాకాహారులు మీల్ మేకర్, సెనగలు, పెరుగు వదలొద్దు. బరువులెత్తుతూ తగ్గాలనుకునేవాళ్లకు కిలో ఒంటి బరువుకు రోజుకు 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రొటీన్ మంచి లక్ష్యం. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం తమ డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి. నెలసరి ఆగిపోతే రెండు వారాలు చూద్దామనుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

"అన్నీ కొలిచాను, అన్నీ చేశాను"

మూడు నాలుగు వారాలు కొలిచి తిన్నాక కూడా కదలకపోతే రోజుకు 150 కేలరీలు తగ్గించండి, లేదా రెండు వేల అడుగులు పెంచండి. రెండూ ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. మళ్లీ మూడు వారాలు ఆగండి.

అప్పటికీ కదలిక లేకపోతే ఇప్పుడు పరీక్షలు. థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించుకోండి. థైరాయిడ్ తక్కువగా పనిచేయడం వల్ల పెరిగే బరువు సాధారణంగా కొద్ది కిలోలే, అందులోనూ చాలావరకు ఉప్పు, నీరు. పీసీఓడీ (ఆడవాళ్లలో అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉన్నవాళ్లకు ఆకలి, ఇన్సులిన్ రెండూ అడ్డం పడతాయి, డాక్టరు సాయం తీసుకోవడమే మంచిది. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని షుగర్ మాత్రలు, కొన్ని మానసిక వైద్య మందులు బరువును పెంచుతాయి. వాటిని సొంతంగా ఆపకండి, చీటీ పట్టుకెళ్లి మార్చే వీలుందేమో అడగండి. షుగర్ మాత్రలు వేసుకుంటూ తిండి తగ్గించేవాళ్లు మందు మోతాదు సంగతి డాక్టర్ని మొదట్లోనే అడగాలి, లేకపోతే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది.

ఇంకో రకం వాళ్లున్నారు. ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 62 కిలోలు, ఇంకో నాలుగు తగ్గాలంటారు. వాళ్ల బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) 23 లోపే ఉంది, భారతీయులకు అధిక బరువు మొదలయ్యేది 23 దగ్గర. నడుము మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్ల లోపు ఉంటే కేలరీలు కోయడం ఆపి, ఆ ఓపికను బరువులెత్తడం మీద పెట్టండి.