విడి వజ్రం కొని నగ చేయించుకోవాలా? రాయిని ఇలా ఎంచుకోండి

మా చెల్లికి ఉంగరం చేయిద్దామని బషీర్‌బాగ్‌లో ఒక షాపుకి వెళ్లాం. రెండు అర క్యారెట్ రాళ్లు తెచ్చి నల్ల ట్రే మీద పెట్టారు. రంగు గ్రేడ్‌లో ఒకటి ఎఫ్, రెండోది హెచ్. కాగితం మీద ఎఫ్ రాయే మేలు. స్పాట్‌లైట్ కింద రెండూ ధగధగలాడాయి. తెల్ల కార్డు మీద పెట్టించి వాకిలి దగ్గర పగటి వెలుతురులో చూస్తే ఎఫ్ రాయి నడిమధ్య నల్లగా, నిర్జీవంగా ఉంది. హెచ్ రాయి మాత్రం కార్డు కదిపినప్పుడల్లా మిలమిలలాడింది. కటింగ్‌లో ఉన్న తేడా అది. చెల్లి హెచ్ తీసుకుంది, ధర కూడా తక్కువే.

మొదట నగ ఏదో తేల్చుకోండి. ఏడు రాళ్ల దుద్దులకైతే ఒక్కో రాయి ఎంత గొప్పదన్నది కాదు, అన్నీ ఒకే సైజులో, ఒకే ఛాయలో ఉండాలి. అన్నీ ఒకేసారి ఏరించుకోండి. తర్వాత ఒకటి తెచ్చి కలుపుదామంటే జత కుదరడం కష్టం.

ఒంటిరాయి ఉంగరానికి బరువు చూసుకోవాలి. వజ్రం క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, అందులో నూరో వంతు సెంటు. 1 క్యారెట్ గుండ్రటి రాయి అడ్డంగా సుమారు 6.5 మిల్లీమీటర్లు, 90 సెంట్లది సుమారు 6.2 ఉంటుంది. వేలి మీద ఆ తేడా దాదాపు తెలియదు. రేటు మాత్రం క్యారెట్ నిండగానే ఎగబాకుతుంది. కాబట్టి 90 నుంచి 95 సెంట్ల రాళ్లు చూపించమనండి. బరువుతో పాటు మిల్లీమీటర్లూ అడగండి, కొన్ని రాళ్ల బరువంతా కింది భాగం లోతులోనే ఉండిపోతుంది.

డబ్బు తగ్గించుకోకూడనిది కటింగ్ దగ్గర. లోతు ఎక్కువైనా, తక్కువైనా లోపలికెళ్లిన వెలుతురు మన కంటికి తిరిగి రాదు. గుండ్రటి రాయికి కట్, పాలిష్, సిమెట్రీ మూడూ ఎక్సలెంట్ ఉన్నదే అడగండి.

రంగు గ్రేడ్లు అన్నిటికన్నా తెల్లటి డి నుంచి పసుపు ఛాయ ఉన్న జెడ్ దాకా ఉంటాయి. రాయిలోని నైట్రోజనే సాధారణంగా పసుపు ఛాయ తెస్తుంది. కొల్లూరు లాంటి కృష్ణా తీరపు గనుల్లో దొరికి గోల్కొండ బజారులో అమ్ముడైన మేలిరకం రాళ్లలో ఆ నైట్రోజన్ దాదాపు లేదు. మనకు అంత తెలుపు అక్కర్లేదు. పసుపు బంగారంలో ఐ, జె రాళ్లు కూడా తెల్లగానే కనిపిస్తాయి. ప్లాటినం అయితే హెచ్, లేదా అంతకన్నా పైది తీసుకోండి. నీలి ఛాయ ఉన్న తెల్ల రాయిని పెద్దవాళ్లు మెచ్చుకుంటూ అనే ‘బ్లూ జాగర్’ అన్న మాట దక్షిణాఫ్రికాలోని జాగర్స్‌ఫాంటైన్ గని పేరు నుంచి వచ్చింది, అది గ్రేడ్ కాదు. ఆ పేరు చెప్పి ఎక్కువ అడిగితే సర్టిఫికెట్‌లో ఫ్లోరసెన్స్, అంటే అతినీలలోహిత కాంతిలో రాయి ఎంత వెలుగుతుందన్నది చూడండి. అది మరీ బలంగా ఉన్న కొన్ని రాళ్లు ఎండలో పాలపొర కప్పినట్టు కనిపిస్తాయి.

క్లారిటీ అంటే రాయిలో మచ్చలు ఎంత తక్కువన్నది, అందులో వీఎస్2 గ్రేడ్ చాలు. మచ్చ కంటికి కనిపించనప్పుడు ఇంకా పైకి వెళ్లడం అనవసరం.

వజ్రాలను పరీక్షించే జీఐఏ లేదా ఐజీఐ ల్యాబ్ ఇచ్చిన సర్టిఫికెట్ నంబరును ఆ ల్యాబ్ వెబ్‌సైట్‌లో అక్కడికక్కడే కొట్టి చూడండి. రాయి నడుం అంచు మీద లేజర్‌తో నంబరు చెక్కి ఉంటే లూప్‌లో (చిన్న భూతద్దంలో) చూపించమనండి. నేచురలా (గనిలో దొరికిందా), ల్యాబ్ గ్రోనా (ల్యాబ్‌లో పెంచిందా) అన్నది బిల్లులో రాయించుకోవడం మర్చిపోవద్దు. రెండూ వజ్రాలే కానీ, ల్యాబ్ రాయిని తిరిగి అమ్మితే వచ్చేది చాలా తక్కువ. మామూలు టెస్టర్ పెన్ను ఈ తేడా పట్టలేదు. నగ మీద హాల్‌మార్క్ బంగారం స్వచ్ఛతకే, రాయికి కాదు.

అసలు టెన్షన్ రాయిని పొదగడానికి ఇచ్చేటప్పుడే. ఆచారి గారి ఎదుటే తూయించి, బరువు, సర్టిఫికెట్ నంబరు వేసిన రసీదు తీసుకోండి. లేజర్ నంబరు మీద ప్రాంగ్ (రాయిని పట్టి ఉంచే లోహపు కొక్కెం) పడకుండా చూడమని ముందే చెప్పండి. వజ్రానికి జిడ్డు ఇట్టే పడుతుంది, కడగడానికి వీలుగా వెనక తెరిచి ఉంచమనండి. నగ తయారయ్యాక లూప్‌తో నంబరు మళ్లీ చదవండి. తర్వాత చెవి దగ్గర పెట్టుకుని వేలితో మెల్లగా తట్టండి. కిటకిటమంటే రాయి వదులుగా ఉన్నట్టే, అక్కడే బిగించి ఇవ్వమనండి.