డిసెంబరు 10 బెనిఫిట్ షోకు ముందు చూసుకోవాల్సినవి

మానవ హక్కుల దినానికి హన్మకొండలోనో కాజీపేటలోనో కామెడీ, పాటల షో పెట్టి చందాలు పోగుచేసేవాళ్లకు:

• అమెరికా చుట్టాల పాస్‌పోర్టు ఏ దేశానిదో ముందే అడగండి. ఇండియాదైతే, సొంత సంపాదన ఇస్తే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నాక సొంత మేనమామ పంపినా అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేని సంఘం పది డాలర్లు తీసుకున్నా నేరం. చందా క్యూఆర్ కోడ్ వాట్సాప్‌లో ఎక్కడిదాకా పోతదో ఎవరి చేతిలోనూ ఉండదు.

• ఆ కోడ్ సంఘం ఖాతాదే కావాలి. కార్యదర్శి ఫోన్‌పే అయితే చందా, ఇంటి కిరాణా ఒకే లెక్కలో కలుస్తాయి.

• టికెట్ల పుస్తకం, విరాళాల రసీదు పుస్తకం వేరువేరు. టికెట్ డబ్బుకు 80జీ (విరాళమిచ్చినవాళ్లకు ఆదాయపు పన్ను మినహాయింపు) వర్తించదు. నగదు రూ.2,000 దాటినా అంతే.

• స్కిట్‌ను రిహార్సల్‌లోనే వినండి. అత్యాచార బాధితురాలిని గుర్తుపట్టేలా చెప్పడం నేరం. పేరు తీసేసి ఊరు, కాలేజీ ఉంచితే తీసినట్టు కాదు.

• ఆరుబయట మైకు రాత్రి 10కి బంద్. డప్పు బృందాన్ని 9 లోపే ఎక్కించి, వెంటనే చందా డబ్బా తిప్పండి. చివర్లో అందరూ బండ్ల తాళాలు వెతుక్కుంటుంటారు.